తలకిందులుగా తపస్సు చేసే పురుగు

అందరికీ నమస్కారం. వెనక నిలబడ్డవాళ్లు ముందుకి రావచ్చు, ఇక్కడ రెండు వరసలు ఖాళీగానే ఉన్నాయి. ముందు వరసంటే ఎందుకో అందరికీ భయం. నేనేమీ ప్రశ్నలడగను, రండి.

మొదలుపెట్టే ముందు చిన్న పని. ఈ గాజు సీసా ఇప్పుడే ఫ్రిజ్‌లోంచి తీశారు. తడి లేకుండా తుడిచి బల్ల మీద పెడుతున్నాను. ముందు వరసవాళ్లు మధ్యమధ్యలో దీని మీద ఓ కన్నేసి ఉంచండి. ఎందుకో తర్వాత చెప్తాను.

మనం ఒక మాట అంటుంటాం. "నువ్వు తలకిందులుగా తపస్సు చేసినా ఆ పని జరగదు" అని. ఎంత కష్టపడినా లాభం లేదని చెప్పడానికి వాడే మాట. ఇవాళ నేను చెప్పబోయే ప్రాణి నిజంగానే తలకిందులుగా తపస్సు చేస్తుంది. చెయ్యడమే కాదు, ఫలితం కూడా రాబట్టుకుంటుంది. ఆ ఫలితం నీళ్లు. వాన దాదాపు పడనే పడని చోట, నది పారని చోట, తన ఒంటి మీదే నీళ్లు పట్టుకుని తాగుతుంది. ఇదొక పెంకు పురుగు. రెండు సెంటీమీటర్ల పొడవుంటుందేమో, నల్లటి ఒళ్లు, పొడుగు కాళ్లు. పేరు ఒనిమాక్రిస్ అంగ్విక్యులారిస్. నోరు తిరగడం లేదు కదా? నాకూ మొదట్లో తిరగలేదు. ఇకమీదట మన పురుగు అనే అంటాను.

ఇది టెనెబ్రియోనిడే అనే కుటుంబానికి చెందింది. ఇంగ్లిష్‌లో డార్క్‌లింగ్ బీటిల్స్ అంటారు. లాటిన్‌లో టెనెబ్రియో అంటే చీకట్లో నక్కి ఉండేవాడు. చాలా పెద్ద కుటుంబం, ప్రపంచం మొత్తం మీద సుమారు ఇరవై వేల జాతులు. వీటిలో ఒకదాన్ని మీరందరూ చూసే ఉంటారు. పిండి డబ్బా మూత తీస్తే ఎర్రగా, చిన్నగా కదులుతూ కనిపిస్తుందే, ఆ పిండి పురుగు ఈ ఇంటిదే. దానికి అసలు నీళ్లే అక్కర్లేనట్టు పొడి పిండిలో పుట్టి పొడి పిండిలోనే బతికేస్తుంది. ఎప్పుడైనా ఆలోచించారా, దానికి దాహం వెయ్యదా అని? ఈ కుటుంబం మొత్తానికీ పొడి చోట బతకడం చేతనవును. అందుకే ఎడారుల్లో వీటిదే రాజ్యం.

మన పురుగు ఉండేది నమీబ్ ఎడారిలో. ఆఫ్రికా ఖండానికి నైరుతి అంచున, నమీబియా దేశంలో, అట్లాంటిక్ సముద్రాన్ని ఆనుకుని ఉన్న ఎడారి అది. ఇక్కడే ఒక విచిత్రం ఉంది, గమనించండి. పక్కనే అంత సముద్రం ఉండి ఎడారి ఎలా అయింది? ఆ తీరం వెంబడి బెంగ్వేలా ప్రవాహం అని ఒక చల్లటి సముద్ర ప్రవాహం దక్షిణం నుంచి ఉత్తరానికి పోతుంది. నీళ్లు చల్లగా ఉండటంతో వాటి మీది గాలీ చల్లబడుతుంది. చల్లటి గాలి బరువు. అది పైకి లేవదు. గాలి పైకి లేవకపోతే వాన మేఘం కట్టదు. అదే చల్లదనం వల్ల గాలిలోని తేమ మాత్రం నేలకి దగ్గరగా పొగమంచు అవుతుంది. అంటే వాన రాకుండా అడ్డుపడేదీ, పొగమంచు తెచ్చిపెట్టేదీ ఒకే ప్రవాహం. ఒక చేత్తో లాక్కుని ఇంకో చేత్తో కాస్త విదిలిస్తుంది.

ఆ పొగమంచు రాత్రిపూట సముద్రం మీంచి ఎడారి లోపలికి పదుల కిలోమీటర్లు వస్తుంది. తీరానికి సుమారు అరవై కిలోమీటర్ల లోపల గొబాబెబ్ అనే చోటుంది. ఈ పేరు గుర్తుపెట్టుకోండి. క్వీసెబ్ అనే నది గట్టున ఉంటుంది. నది అన్నానని నీళ్లు ఊహించుకోకండి, ఏడాదిలో ఎక్కువ రోజులు అది ఎండిన ఇసుకే. ఎగువన వానలు పడితే ఎప్పుడో నాలుగు రోజులు పారుతుంది. ఆ నదికి దక్షిణాన ఇసుక దిబ్బల సముద్రం, ఉత్తరాన గులకరాళ్ల మైదానం. గొబాబెబ్‌లో వాన ఏడాదికి సగటున ఇరవై, ముప్పై మిల్లీమీటర్ల మధ్యే. ముప్పై మిల్లీమీటర్లంటే ఎంత? మీ బొటనవేలు గోరు దగ్గర్నుంచి మొదటి కణుపు దాకా అనుకోండి, అంత. ఏడాది మొత్తానికి! అదీ సగటు మాత్రమే, కొన్నేళ్లు అసలు పడదు. కానీ పొగమంచు నుంచి దిగే నీళ్లు కొలిస్తే వాన కంటే కొంచెం ఎక్కువే తేలాయి. పైగా వానలా మొండికెయ్యదు, ఏటా వస్తుంది. నమ్ముకుంటే దాన్నే నమ్ముకోవాలి.

ఈ గొబాబెబ్‌లో 1962లో ఒక పరిశోధనా కేంద్రం పెట్టారు. పెట్టినాయన చార్లెస్ కోచ్, ఆస్ట్రియా దేశస్థుడు. ఆయన జీవితమంతా పరిశోధించింది ఏమిటనుకుంటున్నారు? ఈ టెనెబ్రియోనిడే పురుగులే. అంటే ఇవాళ ప్రపంచమంతటి నుంచీ శాస్త్రవేత్తలు వచ్చే ఆ ఎడారి కేంద్రానికి మూలపురుషులు ఈ పెంకు పురుగులే అనొచ్చు. నమీబ్‌లో వీటి జాతులు రెండొందల దాకా ఉన్నాయి మరి. అంత పొడి నేలలో, ఒకే కుటుంబంలో అన్ని జాతులు! 1970లో కోచ్ పోయాక మేరీ సీలీ అనే శాస్త్రవేత్త ఆ కేంద్రం బాధ్యత తీసుకున్నారు. దశాబ్దాల పాటు అక్కడే పనిచేశారు. మన కథలో ముఖ్యమైన మనిషి ఆవిడే.

సరే, ఇప్పుడు రాత్రి చూద్దాం.

మన పురుగు పగటి జీవి. ఇది ముఖ్యం, మళ్లీ చెప్తున్నాను, పగటి జీవి. పగలు ఇసుక మీద తిరిగి తిండి వెతుక్కుంటుంది. మధ్యాహ్నం ఇసుక అరవై డిగ్రీలు దాటి కాలుతుంది, అప్పుడు ఇసుకలోకి దూరిపోతుంది. సాయంత్రం చల్లబడ్డాక కూడా ఇసుకలోకే వెళ్లి రాత్రంతా అక్కడే ఉంటుంది. బుద్ధిగా అలా పడుకునే పురుగు, పొగమంచు వచ్చిన రాత్రి మాత్రం లేస్తుంది. చలి. ఒంట్లో వేడి లేదు, పురుగులకి మనలా సొంత వేడి ఉండదు కదా, కాళ్లు సరిగ్గా కదలవు. పగలు చకచకా పరిగెత్తేది ఇప్పుడు ముసలివాళ్లు మెట్లెక్కినట్టు ఒక్కో అడుగూ వేసుకుంటూ దిబ్బ ఎక్కుతుంది. ఎంతదాకా? శిఖరం దాకా. మధ్యలో ఆగదు. దిబ్బ శిఖరం మీదే గాలి జోరుగా ఉంటుంది, గాలితో పాటు మంచూ అక్కడే ఎక్కువ తగులుతుంది.

శిఖరం మీదికి వచ్చాక గాలి ఎటు నుంచి వస్తోందో అటు తిరుగుతుంది. వెనక కాళ్లు బారుగా చాపుతుంది. ముందు భాగం దించుతుంది. తల కింద, తోక పైన. అలా బిగుసుకుపోయి నిలబడుతుంది, కదలదు. పొగమంచులోని సన్నటి నీటి కణాలు వచ్చి ఆ వీపుకి తగులుతాయి, అతుక్కుంటాయి. ఒకదానితో ఒకటి కలుస్తాయి. చుక్క అవుతుంది. చుక్క బరువెక్కుతుంది. వీపు వాలుగా ఉంది కాబట్టి కిందికి జారుతుంది. కింద ఏముంది? నోరుంది.

అంతే. అంత సులువు, అంత అందం.

మనకి ఎండ కాగడం తెలుసు, చలి కాచుకోవడం తెలుసు. దీన్ని ఇంగ్లిష్‌లో ఫాగ్ బాస్కింగ్ అన్నారు. మన మాటల్లో చెప్పాలంటే మంచు కాగడం. 1976లో విలియం హామిల్టన్, మేరీ సీలీ ఇద్దరూ కలిసి నేచర్ పత్రికలో దీని గురించి రాశారు. పురుగుల్ని తూచి చూశారు కూడా. ఒక మంచు రాత్రిలో పురుగు బరువు సగటున పన్నెండు శాతం పెరిగింది. అన్నింటికన్నా ఎక్కువ తాగినది ముప్పై నాలుగు శాతం పెరిగింది. శాతాల్లో చెప్తే ఏమీ అనిపించదు. మీలో అరవై కిలోల మనిషిని తీసుకోండి. పన్నెండు శాతం అంటే ఏడు లీటర్ల పైచిలుకు. ముప్పై నాలుగు శాతం అంటే ఇరవై లీటర్లు. ఒక పెద్ద నీళ్ల క్యాన్ ఉంటుంది చూశారా, అది. ఒక్క రాత్రిలో, బొట్టు బొట్టుగా.

ఇప్పుడు సీసా చూడండి. ముందు వరసవాళ్లు చెప్పండి, ఏం కనిపిస్తోంది? చెమట పట్టిందంటున్నారు. దగ్గరికి రండి ఎవరైనా ఒకరు. రా బాబూ. ఆ చుక్కల్ని బాగా చూసి అందరికీ చెప్పు. చిన్నవి కదులుతున్నాయా? లేదు. ఎక్కడివక్కడే అతుక్కుని ఉన్నాయి. కింద పెద్దవి? ఆ, జారుతున్నాయి. జారుతూ దారిలో చిన్నవాటిని కలుపుకుపోతున్నాయి, అవి పోయిన చోట తుడిచినట్టు చార కనిపిస్తోంది. చాలు, వెళ్లి కూర్చో.

ఒక సంగతి స్పష్టంగా చెప్పాలి, లేకపోతే ఫిజిక్స్ చదివినవాళ్లు లేచి నిలబడతారు. సీసా మీద జరిగింది, దిబ్బ మీద జరిగేది పూర్తిగా ఒకటి కాదు. ఇక్కడ గాలిలో కంటికి కనిపించని ఆవిరి, చల్లటి గాజుకి తగిలి నీరైంది. అక్కడ పొగమంచులో నీరు అప్పటికే కణాలుగా ఉంది, అవి వచ్చి వీపుకి గుద్దుకుంటున్నాయి. కానీ గుద్దుకున్న తర్వాత కథ ఒకటే. చిన్న చుక్క ఎప్పుడూ జారదు. దాని బరువు కంటే దాని అతుకు ఎక్కువ. పెరగాలి, కలవాలి, అప్పుడే కదులుతుంది. అందుకని పురుగు ఓపిగ్గా నిలబడాలి. మధ్యలో కదిలి ఒళ్లు దులుపుకుందా, చుక్కలు ఇసుకలో పడతాయి, ఇసుక మింగేస్తుంది. తపస్సు అన్నది ఊరికే అనలేదు నేను.

ఇంకోటి. పెద్ద గోడకి మంచు బాగా తగులుతుందనుకుంటాం. తగలదు. పెద్ద వస్తువు ఎదురొస్తే గాలి ముందే పక్కకి తిరిగిపోతుంది, తేలికైన మంచు కణాలు గాలితో పాటే తప్పుకుంటాయి. సన్నటి వస్తువైతే గాలి పెద్దగా మళ్లదు, కణాలు నేరుగా వచ్చి తగులుతాయి. పొద్దున్నే సాలెగూడు ముత్యాలు గుచ్చినట్టు కనిపించేది ఇందుకే, పక్కనున్న గోడ మీద ఆ ముత్యాలు ఉండవు. మన పురుగు గోడంత కాదు, సాలెపోగంత కాదు. అందుకే దానికి గాలి జోరు కావాలి. అందుకే శిఖరం దాకా ఎక్కుతుంది.

బుడిపెల సంగతి

ఇప్పుడు నా తప్పు ఒకటి ఒప్పుకోవాలి.

మీలో చాలామంది ఈ పురుగు గురించి వినే ఉంటారు. ఎక్కడ విన్నారు? ప్రకృతి నుంచి నేర్చుకున్న టెక్నాలజీ అని వ్యాసాలొస్తాయి, వీడియోలొస్తాయి. వాటిలో ఏం చెప్తారు? "నమీబ్ ఎడారి పురుగు వీపు మీద బుడిపెలుంటాయి. బుడిపెల కొనలు నీటిని ఆకర్షిస్తాయి, మధ్యలో పల్లాలు మైనం పూసినట్టుండి నీటిని తోసేస్తాయి. బుడిపె మీద చుక్క పెరిగి, పల్లంలోకి దొర్లి, నోట్లోకి జారుతుంది." అవునా? విన్నారు కదా? చేతులెత్తండి. చాలామందే ఉన్నారు.

నేనూ అదే చెప్పేవాణ్ణి. ఒక సంవత్సరం కాదు, చాలా ఏళ్లు క్లాసులో అదే స్లైడు వేశాను. ఒక పక్క బుడిపెల పురుగు ఫోటో, ఇంకో పక్క దిబ్బ మీద తలకిందులుగా నిలబడ్డ పురుగు ఫోటో. ఒకరోజు వెనక బెంచీ అమ్మాయి లేచి, "సార్, ఈ రెండూ ఒకటే పురుగా? దీని వీపు నున్నగా ఉంది కదా" అంది. నేను స్లైడు వైపు తిరిగి చూశాను. నిజమే, నున్నగా ఉంది. అన్నేళ్లుగా చూపిస్తున్నవాణ్ణి, ఒక్కరోజూ చూడలేదు. "రేపు చెప్తానమ్మా" అని బయటపడ్డాను. ఆ రాత్రి కూర్చుని చదివితే తెలిసింది, రెండూ ఒకటి కావని.

జరిగిందేమిటంటే, 2001లో ఆండ్రూ పార్కర్, క్రిస్ లారెన్స్ అనే ఇద్దరు నేచర్ పత్రికలోనే ఒక చిన్న వ్యాసం రాశారు. బుడిపెల వీపున్న నమీబ్ పురుగు నీళ్లెలా పట్టుకుంటుందో అందులో వివరించారు. వాళ్లు ఆ పురుగుని స్టెనోకారా అన్నారు. అది స్టెనోకారా కాదు, ఫైసాస్టెర్నా అనే వేరే పురుగని నమీబ్‌లో పనిచేసేవాళ్లు తర్వాత ఎత్తిచూపారు. పేరు సంగతి అలా ఉంచండి. అసలు సమస్య ఇంకోటి. దిబ్బల మీద మంచు కాగుతూ కనిపించినవి ఒనిమాక్రిస్‌లో రెండు జాతులు. మన పురుగు, దానికి చుట్టమైన ఒనిమాక్రిస్ బైకలర్. ఈ రెంటికీ వీపు నునుపే. బుడిపెలు లేవు.

అంటే మంచులో నిలబడి కష్టపడేదేమో ఒక పురుగు, పేరు కొట్టేసిందేమో ఇంకో పురుగు. సొమ్మొకడిది, సోకొకడిది.

2010లో స్వీడన్‌లోని లుండ్ విశ్వవిద్యాలయం నుంచి థామస్ నోర్‌గార్డ్, మారీ డాకే దీన్ని తేల్చడానికి కూర్చున్నారు. నాలుగు జాతుల్ని తీసుకున్నారు. రెండు నున్నటివి, రెండు బుడిపెలవి. కృత్రిమంగా పొగమంచు పుట్టించి అందులో పెట్టారు. ఏది తలకిందులుగా నిలబడింది? నాలుగింటిలో ఒక్కటే. మన పురుగే. బుడిపెలవి రెండూ నిలబడలేదు. మన పురుగు కూడా చీకటి పడగానే, చలి వెయ్యగానే నిలబడలేదు. మంచు తగిలితేనే నిలబడింది. ఆ భంగిమని లేపేది మంచే.

తర్వాత వీపుల సంగతి చూశారు. ఒక్కో పురుగు వీపు మీద మొత్తం ఎన్ని నీళ్లు పడుతున్నాయో కొలిస్తే, జాతికీ జాతికీ తేడా కనిపించలేదు. గమనించండి, వీటిలో పెద్ద పురుగు వీపు చిన్నదాని వీపు కన్నా చాలా పెద్దది. కాబట్టి సైజుతో భాగించి లెక్కేస్తే తేడాలొస్తాయి, అది వేరే సంగతి. కానీ బుడిపెలున్న వీపే నీళ్లు పడుతుంది, నున్నటి వీపు పట్టదు అనడానికి ఆధారం దొరకలేదు. పట్టగలిగే వీపు నాలుగింటికీ ఉంది. ఆ వీపుని తీసుకెళ్లి చలిరాత్రి శిఖరం మీద, గాలికి ఎదురుగా, వాలుగా నిలబెట్టాలన్న తెలివి ఒక్కదానికే ఉంది. తెలివి అంటే మీరు ఒప్పుకోకపోవచ్చు, ప్రవర్తన అందాం. పరిణామం ఇక్కడ పనిచేసింది పెంకు మీద కన్నా ఎక్కువగా ప్రవర్తన మీద. నేను ఇవాళ చెప్పదలుచుకున్న ముఖ్యమైన విషయం ఇదే, అందుకే ఇక్కడ ఇంతసేపు ఆగాను.

ఇంజనీర్లకి నష్టమేమీ జరగలేదు లెండి. నీటిని పట్టే మచ్చలు, తోసేసే నేపథ్యం అన్న ఆలోచన తీసుకుని 2006లో అమెరికాలో ఎంఐటీ వాళ్లు అలాంటి ఉపరితలం తయారుచేశారు, అది పనిచేసింది. ఆలోచన మంచిదే. పురుగు మీద మోపడమే తొందరపాటు.

సరే, మిగతా పురుగులు దాహంతో చస్తాయా? చావవు. మంచు రాయి మీదా గడ్డి మీదా కూడా పడుతుంది. ఆ చుక్కలు తాగేవి ఉన్నాయి. అన్నిటికన్నా నాకు ముచ్చటేసేది లెపిడోకోరా. గుండ్రటి బిళ్లలా ఉంటుంది, రాత్రి జీవి. ఇది నిలబడదు, తవ్వుతుంది. మంచు గాలి వచ్చే దిక్కుకి అడ్డంగా ఇసుకలో సన్నటి కాలువ తీస్తుంది, అటూ ఇటూ చిన్న గట్లు లేస్తాయి. సమతలంగా ఉన్న ఇసుక కంటే ఆ గట్లకి మంచు ఎక్కువ తగులుతుంది, గట్లు తడుస్తాయి. అప్పుడు పురుగు వెనక్కి తిరిగి వచ్చి, గట్టు వెంబడి నడుస్తూ ఆ తడి ఇసుకలోంచి నీళ్లు పీల్చుకుంటుంది. హామిల్టన్, సీలీలే దీన్నీ గమనించి అదే 1976లో సైన్స్ పత్రికలో రాశారు. ఒకే ఏడాది రెండు పత్రికల్లో రెండు పురుగులు! ఒకటి తన ఒళ్లే చెరువు చేసుకుంటే ఇంకోటి ఇసుకలో చేను గట్టు వేసుకుంది.

ఆర్జన గురించి చెప్పాను, పొదుపు గురించి రెండు మాటలు చెప్పకపోతే అన్యాయం. ఎంత తాగినా ఒంట్లో నిలవకపోతే ఏం లాభం? పెంకు పురుగులకి ముందు రెక్కలు గట్టి పెంకులవుతాయని మీకు తెలుసు. మామూలుగా ఆ పెంకులు తెరుచుకుంటాయి, కింద మెత్తటి రెక్కలుంటాయి, ఎగురుతుంది. మన పురుగు పెంకులు రెండూ మధ్యలో అతుక్కుపోయాయి. తెరుచుకోవు. ఎగరలేదు. ఎగరడం వదులుకుని ఏం సంపాదించింది? పెంకు కింద మూసిన గది. పొట్ట మీద ఊపిరి తీసుకునే రంధ్రాలు ఆ గదిలోకి తెరుచుకుంటాయి, బయట ఎండగాలిలోకి కాదు. ఊపిరితో పోయే తేమ కొంత అక్కడే ఆగుతుంది. ఇక మూత్రపిండాల పని చేసే సన్నటి నాళాలు, ఆ నాళాల కొసలు పేగు చివరి భాగానికి అతుక్కుని ఉంటాయి. బయటికి పోబోయే దాంట్లోంచి ఆఖరి నీటి బొట్టు దాకా పిండుకుంటాయి. ఈ కుటుంబంలో పసుపురంగు పిండి పురుగు, మీల్‌వార్మ్ అంటారు, దాని లార్వా ఈ ఏర్పాటుతోనే గాలిలో తేమ 88 శాతం దాటితే గాలి నుంచే నేరుగా నీరు లాక్కోగలదు. నోటితో కాదు, వెనక నుంచి! నవ్వకండి, నిజం.

పొడుగు కాళ్లెందుకంటే, కాలే ఇసుక నుంచి పొట్టని దూరంగా ఉంచడానికి. దీని చుట్టం ఒనిమాక్రిస్ ప్లానా సెకనుకి ఒక మీటరు దాకా పరిగెత్తుతుంది. మనం తీరిగ్గా నడిచే వేగం అది, కానీ రెండు సెంటీమీటర్ల ఒంటికి అది మామూలు వేగం కాదు.

తిండి సంగతి. దిబ్బల మీద పచ్చదనం ఎక్కడో ఒక చోట, ఇసుక గడ్డి దుబ్బులు, అంతే. మరి ఇన్ని జాతుల పురుగులకి తిండెక్కడిది? గాలి తెస్తుంది. తూర్పు నుంచి వీచే వేడిగాలి లోపలి మైదానాల నుంచి ఎండుగడ్డి ముక్కలు, గింజలు, చచ్చిన పురుగుల కాళ్లు, రెక్కలు, అన్నీ ఈడ్చుకొస్తుంది. దిబ్బకి గాలి తగలని పక్కన, ఇసుక జారే వాలు అడుగున, ఆ చెత్త అంతా పోగుపడుతుంది. మన పురుగు తినేది ఆ చెత్తే. చూశారా, నీళ్లు పడమటి గాలి మోసుకొస్తోంది, తిండి తూర్పు గాలి మోసుకొస్తోంది. రెండు గాలులూ కలిసి ఒక ఎడారిని పోషిస్తున్నాయి. ఇక్కడ ఆకు మేసే జంతువులతో గొలుసు మొదలవదు. ఈ ఎండు చెత్తతో మొదలవుతుంది. చెత్త తినే పురుగుల్ని బల్లులు తింటాయి, నమాక్వా ఊసరవెల్లి తింటుంది, ఇసుకలో ఈదుతున్నట్టు తిరిగే గోల్డెన్ మోల్ అనే గుడ్డి జంతువు పురుగుల్ని తింటుంది. బల్లుల్ని పక్కకి పాకే పెరింగ్వే రక్తపింజరి తింటుంది. ఆ పాముకీ నీళ్లు కావాలి కదా? అది కూడా తన ఒంటి పొలుసుల మీద పడ్డ మంచు చుక్కల్ని నాలుకతో నాకుతుంది. పురుగు తన ఒంటి మీద తాగితే, దాని బంధువుల్ని తిన్న బల్లిని తిన్న పాము కూడా తన ఒంటి మీదే తాగుతోంది.

పురుగుకి ఈ తపస్సు ఊరికే రాదు. చలికి ఒళ్లు మొద్దుబారి శిఖరం మీద నిలబడితే పారిపోవడం కష్టం. ఇక్కడో పోలిక చెప్పాలి. అమెరికా ఎడారుల్లో ఎలియోడిస్ అని దీని దూరపు చుట్టం ఉంది. అదీ తల దించి తోక ఎత్తి నిలబడుతుంది. కానీ నీళ్ల కోసం కాదు. ఎవరైనా దగ్గరికొస్తే ఘాటైన ద్రవం చిమ్మడానికి. ఫోటో చూస్తే రెండూ ఒకేలా ఉంటాయి. ఒకటి శత్రువుని బెదిరిస్తోంది, ఒకటి మంచినీళ్లు తాగుతోంది. ఫోటో చూసి పురుగు కథ చెప్పకూడదని నాకు రెండోసారి అప్పుడు తెలిసింది.

ఇంత కష్టపడితే ఒరిగేదేమిటని అడగొచ్చు. గొబాబెబ్ వాళ్లు ఇసుకలో గిన్నెలు పూడ్చి, అందులో పడ్డ పురుగుల్ని ఏళ్ల తరబడి లెక్కపెట్టారు. 2005లో సీలీ, హెన్షెల్, హామిల్టన్ ఆ లెక్కలు ప్రచురించారు. వాన పడ్డ ఏళ్లలో దాదాపు అన్ని జాతులూ పెరిగాయి. తర్వాత కరువు వచ్చింది. అప్పుడు ఎవరు నిలిచారు? మంచు పట్టడం చేతనైన జాతులు నిలిచాయి. వాననే నమ్ముకున్న జాతులు పలచబడిపోయాయి. రోజూ ఉపయోగపడే విద్య కాదిది, మంచు రోజూ రాదు. కరువులో ప్రాణం నిలబెట్టే విద్య.

అందుకే నమీబ్‌లో ఇప్పుడు మంచుని కూడా వానలాగే యంత్రాలు పెట్టి కొలుస్తున్నారు. సముద్రం వేడెక్కి ఆ చల్లటి ప్రవాహంలో తేడా వస్తే మంచు తగ్గొచ్చు, దిబ్బల లోపలికి రావడం మానెయ్యొచ్చు. వాన తగ్గితే మనందరికీ వెంటనే తెలుస్తుంది, మంచు తగ్గితే ముందు తెలిసేది శిఖరం ఎక్కి ఉత్త చేతులతో దిగొచ్చే పురుగుకే.

చాలాసేపు మాట్లాడాను. ప్రశ్నలుంటే అడగండి, నల్లగా ఎందుకుందని ఎవరో ఒకరు తప్పకుండా అడుగుతారని నాకు తెలుసు, దానికి శాస్త్రవేత్తలే ఇంకా వాదించుకుంటున్నారు. సీసా ఇక్కడే ఉంటుంది. చూడండి, అడుగున బల్ల మీద చిన్న మడుగు కట్టింది. వెళ్లేటప్పుడు ఒకసారి దగ్గరగా చూసి వెళ్లండి. ఆ, అమ్మా, మీరు చెయ్యెత్తారు, చెప్పండి.